కండువా కప్పుకున్న మర్నాటి నుంచే అవినీతిపరుడా?

సర్వీస్‌లో ఉన్నన్నాళ్ళూ ఒక్క చార్జ్ మెమో (ఆరోపణలు రాసి జవాబడిగే శాఖాపరమైన నోటీసు) కూడా అందుకోని ఆఫీసర్, వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుని ప్రతిపక్ష పార్టీ కండువా కప్పుకున్నాడో లేదో, వారం తిరక్కుండానే పేపర్లో అవినీతిపరుడైపోతాడు. ఇది మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే చదివేవాళ్ళు కూడా "నిప్పు లేనిదే పొగ రాదుగా" అనేసి పేజీ తిప్పేస్తున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది, మొన్న ఇది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి ఇంకా ఎక్కువ మండుతోంది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

మా మేనమామ రెవెన్యూలో పనిచేశాడు. గ్రూప్-2లో డిప్యూటీ తహసీల్దార్‌గా చేరి, తహసీల్దారై, డిప్యూటీ కలెక్టరై, చివర్లో ఆర్డీఓగా, అంటే రెవెన్యూ డివిజన్ అధికారిగా చేశాడు. ఇంకా సర్వీస్ ఉండగానే వీఆర్ఎస్ పెట్టి, అది ఓకే అయ్యాక ప్రతిపక్ష పార్టీలో చేరాడు. ఏ పార్టీ, ఏ జిల్లా అన్నది ఇక్కడ రాయను. ఎందుకంటే పార్టీ పేరు రాయగానే చదివేవాళ్ళలో సగం మంది అక్కడితో ఆపేసి కామెంట్ల కోసం కిందకి వెళ్ళిపోతారు. నేను చెప్పేది ఏ పార్టీ అధికారంలో ఉన్నా అలాగే నడుస్తోంది.

చేరిన మూడో రోజు ఒక పేపర్ జిల్లా ఎడిషన్లో ఫస్ట్ పేజీలో వార్త. పెద్ద అక్షరాల హెడ్డింగ్, చివర్లో ప్రశ్నార్థకం. ప్రశ్నార్థకం ఎందుకు పెట్టారో లాయర్ని అడిగితే చెప్తాడు, రేపు కేసు వేస్తే "మేం అడిగాం అంతే, అన్నామా?" అనడానికి. కింద రెండు కాలమ్‌లు, ఆర్డీఓగా ఉండగా నిషేధిత జాబితాలోంచి భూములు తప్పించి కోట్లు వెనకేసుకున్నాడని, ఆ కేసుల భయంతోనే రాజకీయాల్లోకి దూకాడని. ఎన్ని ఎకరాలు? లేదు. ఏ ఊరు, ఏ సర్వే నంబర్? లేదు. ఎవరు ఫిర్యాదు చేశారు? "రెవెన్యూ వర్గాలు". ఏ కేసుల భయం? ఒక్క కేసు నంబర్ కూడా లేదు. ఆయన వివరణ కోసం ఫోన్ చేశాం, దొరకలేదు అన్న మాట కూడా లేదు, ఎందుకంటే చేయలేదు. పక్కనే ఫొటో, అది పాత ఫొటో, ఏదో గ్రీవెన్స్‌లో అర్జీ చదువుతూ తల కిందకి వంచుకుని ఉన్నది. వందల ఫొటోలు ఉంటాయి ఒక ఆర్డీఓవి, ఏరి కోరి ముఖం దాచుకున్నట్టు కనిపించేది వేశారు.

ఈ నిషేధిత జాబితా అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ అని ఒక సెక్షన్ ఉంది, ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకి ఇచ్చినవి), దేవాదాయ భూములు లాంటివి రిజిస్టర్ కాకుండా ఆ జాబితాలో పెడతారు. జాబితా వెళ్ళేది కలెక్టర్ నుంచి. అందులోంచి ఒక సర్వే నంబర్ తీయాలంటే తహసీల్దార్ రికార్డులు చూసి రిపోర్ట్ రాయాలి, ఆర్డీఓ దాని మీద తన రిమార్క్స్ రాయాలి, పైన జాయింట్ కలెక్టర్, కలెక్టర్ చూడాలి. అంటే ఆర్డీఓ ఒక్కడే కూర్చుని సంతకం గీకి భూమి వదిలేసే పని కాదది. తప్పుడు రిపోర్ట్ రాయొచ్చు, నేను కాదనను, రాసినవాళ్ళు ఉన్నారు కూడా. కానీ రాస్తే ఆ రిపోర్ట్ ఫైల్లో ఉంటుంది, తేదీతో ఉంటుంది, సంతకంతో ఉంటుంది. రెవెన్యూలో కాగితం అంత తేలిగ్గా మాయమవదు, ఆ ఫైల్ ఇప్పుడు ఉన్నది కూడా ప్రభుత్వం చేతిలోనే గానీ మా మామయ్య బీరువాలో కాదు. మరి ఆ పేజీ ఒక్కటి ఫొటో తీసి వార్త పక్కన వేయడానికి ఏం అడ్డొచ్చింది?

అసలు నా ప్రశ్న ఇది. ఆంధ్రాలో ప్రభుత్వ ఉద్యోగి 20 ఏళ్ళ సర్వీస్ నిండాక 3 నెలల నోటీస్ ఇచ్చి స్వచ్ఛంద పదవీ విరమణ కోరుకోవచ్చు, పెన్షన్ రూల్స్‌లోనే ఉంది. కానీ అడగ్గానే ఇచ్చేసేది కాదది, నియమించిన అధికారి ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు విజిలెన్స్ వైపు నుంచి ఏమైనా పెండింగ్ ఉందా, ఏసీబీ కేసు ఉందా, శాఖాపరమైన విచారణ నడుస్తోందా, ప్రభుత్వానికి రావాల్సిన బాకీ ఉందా అని చూస్తారు. పెద్ద శిక్ష పడే విచారణ ఏదైనా నడుస్తుంటే ఆపుతారు. మామయ్య ఫైల్ కూడా అలాగే తిరిగింది, నెలలు తిరిగింది, చివరికి ఏమీ పెండింగ్ లేదని తేల్చి ఆర్డర్ ఇచ్చారు. ఆ ఆర్డర్ ఇచ్చింది ఇదే ప్రభుత్వం. అదే ప్రభుత్వానికి దగ్గరగా ఉండే పేపర్, ఆర్డర్ మీద సిరా ఆరకముందే ఆయన అవినీతిపరుడని రాస్తోంది. రెండింట్లో ఒకటే నిజం కావాలి కదండీ. అవినీతి జరిగిందని తెలిసీ వదిలేశారంటే వదిలేసిన ఆఫీసర్లందరి మీదా చర్య ఉండాలి. జరగలేదంటే వార్త అబద్ధం.

"రిటైరయ్యాక బయటపడింది, అప్పుడు తెలీదు" అంటారేమో, దానికీ దారి ఉంది. పెన్షన్ రూల్స్‌లో 9వ రూల్ చూడండి. రిటైరయ్యాక కూడా ప్రభుత్వం అనుమతితో శాఖాపరమైన విచారణ మొదలుపెట్టొచ్చు, విచారణ మొదలుపెట్టే రోజుకి 4 ఏళ్ళ లోపు జరిగిన సంగతి అయితే చాలు. తప్పు తేలితే పెన్షన్ కోయొచ్చు, మొత్తం ఆపొచ్చు, ప్రభుత్వానికి జరిగిన నష్టం రాబట్టొచ్చు. క్రిమినల్ కేసుకైతే ఈ 4 ఏళ్ళ లెక్క కూడా అడ్డు రాదు, అవినీతి నిరోధక చట్టం ఉంది, ఏసీబీ ఉంది. ఇన్ని దారులు చేతిలో పెట్టుకుని ఒక్క చార్జ్ మెమో ఇవ్వకుండా వార్త మాత్రం లీక్ చేశారంటే దానర్థం ఏంటి? చార్జ్ మెమో ఇస్తే జవాబివ్వడానికి అవకాశం ఇవ్వాలి, సాక్ష్యం చూపించాలి, ఎంక్వైరీ ఆఫీసర్ ముందు క్రాస్ ఎగ్జామినేషన్‌కి నిలబడాలి. పేపర్లో వేస్తే ఇవేవీ అక్కర్లేదు.

మా మామయ్య ఏ తప్పూ చేయలేదని నేను ఇక్కడ సర్టిఫికెట్ ఇవ్వట్లేదు. నేను ఆయన పక్కన ఆఫీసులో కూర్చున్నవాణ్ణి కాదు. ఇన్నేళ్ళు ఆయన ఎలా బతికాడో చూశాను కాబట్టి నాకు నమ్మకం ఉంది, కానీ నా నమ్మకం మీకెందుకు? ఏటా ప్రభుత్వానికి ఇచ్చిన ఆస్తుల రిటర్న్‌లు ఉన్నాయి, వాటితో పోల్చి చూడమనండి, తేడా ఉంటే కేసు పెట్టమనండి. తప్పని తేలితే అప్పుడు నేనే ఇక్కడ రాస్తాను. తేలకముందే మనిషి మీద బురద వేయొద్దనే నేను అడుగుతున్నది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఉద్యోగంలో ఉన్న ఆఫీసర్ మీద పేపర్లో ఏం రాసినా అతను తిరిగి నోరు విప్పడానికి లేదు. 1968 నాటి ఆలిండియా సర్వీసెస్ కండక్ట్ రూల్స్‌లో 17వ రూల్ అదే, తన అధికారిక పని మీద పరువు తీసేలా విమర్శ వస్తే, ప్రభుత్వం అనుమతి లేకుండా కోర్టుకీ వెళ్ళకూడదు, పత్రికలకీ ఎక్కకూడదు. అనుమతి అడిగిన 12 వారాల్లో జవాబు రాకపోతే ఇచ్చినట్టే అనుకోవచ్చని అందులోనే ఉంది, కానీ 12 వారాలంటే దాదాపు మూడు నెలలు, అప్పటికి పేపర్ రాసింది ఊరంతా నమ్మేసి ఉంటుంది. రాష్ట్ర ఉద్యోగులకి ఉన్న 1964 రూల్స్‌లో కూడా ఇలాంటిదే ఉంది. సరే, సర్వీస్‌లో ఉన్నప్పుడు రూల్ నోరు కట్టేసింది, బయటికొచ్చాక నోరు విప్పితే వేసే పేపర్ లేదు. ప్రెస్‌మీట్ పెడితే సొంత పార్టీ పేపర్ ఒక్కటే వేస్తుంది, అది చదివేది ఆల్రెడీ నమ్మినవాళ్ళే.

పెద్ద స్థాయిలో చూసినా ఇదే వరస. ఆర్ఎస్ ప్రవీణ్ కుమార్ సంగతి తీసుకోండి. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల సెక్రటరీగా ఏళ్ళ తరబడి పనిచేసిన ఐపీఎస్, ఆయన ఉన్నప్పుడే 2014లో గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. 2021 జూలైలో వీఆర్ఎస్ పెట్టగానే హుజూరాబాద్ ఉపఎన్నికలో అధికార పార్టీ టికెట్ కోసమే అని ఊహాగానాలు, ఆయన కాదని చెప్పినా ఆగలేదు, తీరా ఆగస్టులో నల్గొండ సభలో బీఎస్పీలో చేరాడు. తర్వాత 2024లో అదే ఆయన బీఆర్ఎస్‌లోకి వెళ్ళాడు, దాన్ని విమర్శించండి, అది రాజకీయ నిర్ణయం, ఓటరుగా నాకూ అభిప్రాయం ఉంది. కానీ 2021లో రాసిన ఊహలు ఊహలే కదా, తప్పని తేలాక ఎవరైనా సవరణ వేసినట్టు నాకైతే కనపడలేదు.

కర్ణాటకలో శశికాంత్ సెంథిల్, దక్షిణ కన్నడ జిల్లా డిప్యూటీ కమిషనర్, 2019 సెప్టెంబర్‌లో ఐఏఎస్‌కి రాజీనామా చేస్తే, అప్పటి బీజేపీ ఎంపీ అనంతకుమార్ హెగ్డే ఆయన్ని పాకిస్తాన్ వెళ్ళమన్నాడు. అప్పటికి ఆయన ఏ పార్టీలోనూ చేరలేదు, కాంగ్రెస్‌లో చేరింది 2020లో, 2024లో తిరువళ్ళూరు నుంచి ఎంపీగా గెలిచాడు. నిశా బాంగ్రేది ఇంకా దారుణం. మధ్యప్రదేశ్‌లో డిప్యూటీ కలెక్టర్, 2023 జూన్‌లో రాజీనామా చేసి ఆమ్లా నుంచి కాంగ్రెస్ తరఫున పోటీ చేయాలనుకుంది. ప్రభుత్వం రాజీనామా ఆమోదించలేదు, శాఖాపరమైన విచారణ అన్నారు, ఆమె పాదయాత్ర చేసింది, అరెస్ట్ అయింది, కోర్టుకెళ్ళింది. అక్టోబర్ ఆఖర్లో ఆమోదం వచ్చేసరికి కాంగ్రెస్ టికెట్ ఇంకొకరికి వెళ్ళిపోయింది.

ఇక రెండో వైపు చూడండి. 2021 నవంబర్‌లో సిద్దిపేట కలెక్టర్ వెంకట్రామిరెడ్డి రాజీనామా చేస్తే అదే రోజు ఆమోదం వచ్చింది, ఆ నెలలోనే అధికార టీఆర్ఎస్ ఎమ్మెల్సీ అయ్యాడు. యూపీలో కాన్పూర్ పోలీస్ కమిషనర్ అసీమ్ అరుణ్ 2022 జనవరిలో వీఆర్ఎస్ తీసుకుని బీజేపీలో చేరి ఎన్నికల్లో గెలిచి మంత్రి అయ్యాడు. వీళ్ళు తప్పు చేశారని నేననట్లేదు, చట్టం ప్రకారం వాళ్ళకి ఆ హక్కుంది. అధికార పార్టీ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక్క రోజులో తెరుచుకునే తలుపు ప్రతిపక్షం వైపు వెళ్ళేవాళ్ళకి నెలల తరబడి ఎందుకు తెరుచుకోదు అనే అడుగుతున్నా.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది, దాన్ని పక్కకి నెట్టేయను. నిన్నటిదాకా కుర్చీలో ఉన్నవాడు ఇవాళ పార్టీ స్టేజ్ మీద ఉంటే, కుర్చీలో ఉన్నప్పుడు కూడా ఆ పార్టీకే పని చేశాడేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. రిటైరైన ఐఏఎస్ ప్రైవేట్ కంపెనీలో చేరాలంటే ఏడాది ఆగాలి, లేదా అనుమతి తీసుకోవాలి, రాజకీయాలకి మాత్రం ఒక్క రోజు కూడా ఆగక్కర్లేదు. ఎన్నికల సంఘం 2012లోనే విరామం ఉండాలని సిఫార్సు చేసింది, కేంద్రం ఒప్పుకోలేదు. 2022లో సుప్రీంకోర్టుకి వెళ్తే అది చట్టసభలు తేల్చుకోవాల్సిన సంగతి అని కొట్టేసింది. ఏడాదో రెండేళ్ళో విరామం పెడితే నేను ఒప్పుకుంటాను, రెండు వైపులకీ ఒకేలా ఉంటే. అది చర్చించాల్సిన విషయం, దాని మీద ఎడిటోరియల్ రాయండి, మామయ్య పేరు పెట్టి రాసినా తప్పు పట్టను. తీసుకోని లంచం అంటగట్టడం దీనికి సమాధానం కాదు.

ఇక ఇంట్లో ఏమైందో చెప్తాను. ఆయన కూతురికి సంబంధం దాదాపు ఖాయమైంది, తాంబూలాలు తీసుకోవడం ఒక్కటే మిగిలింది. పేపర్ వచ్చిన మర్నాడు అబ్బాయి పెదనాన్న అత్తయ్యకి ఫోన్ చేసి చాలా మర్యాదగానే మాట్లాడాడు, "ఏం లేదమ్మా, ఈ గొడవలు కొంచెం సద్దుమణిగాక చూద్దాం" అన్నాడు. అత్తయ్య సరేనండి అని పెట్టేసింది. తర్వాత మా అమ్మ దగ్గర అంది, "వదినా, ఇన్నేళ్ళూ ఎవరైనా పళ్ళబుట్ట తెస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపించాను, ఇప్పుడు ఆ పళ్ళబుట్టల వాళ్ళే వాట్సాప్‌లో ఆ కటింగ్ పెడుతున్నారు." మామయ్య మాత్రం ఏమీ అనలేదు. నేను వెళ్ళినప్పుడు డైనింగ్ టేబుల్ మీద పాత డైరీలు పరిచి కూర్చున్నాడు, ప్రతి టూర్, ప్రతి ఇన్‌స్పెక్షన్ రాసుకునే అలవాటు ఆయనకి. "మామయ్యా, ఇవన్నీ ఎవరడిగారు?" అన్నాను. "ఎవరో ఒకరు అడగాలి కదరా, అడిగిన రోజు చూపించడానికి ఉండాలి" అన్నాడు. అసలు అడిగేవాళ్ళే లేరని ఆయన బాధ.

పరువు నష్టం దావా వేయొచ్చుగా అని ప్రతివాళ్ళూ అంటున్నారు. వేయొచ్చు. సివిల్‌గా వేయాలంటే వార్త వచ్చిన ఏడాదిలోపు వేయాలి, నష్టపరిహారం ఎంత అడిగితే దాన్ని బట్టి కోర్టు ఫీజు ముందే కట్టాలి, తీర్పు ఎప్పటికొస్తుందో ఎవరూ చెప్పలేరు. క్రిమినల్‌గా అయితే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేట్ కంప్లెయింట్, వాయిదా వాయిదాకీ తిరగాలి. పైగా అధికార విధుల మీద వచ్చిన విమర్శ కాబట్టి 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా చూడాలి, నష్టపరిహారం కావాలంటే రాసినవాళ్ళు నిజమో కాదో పట్టించుకోకుండా నిర్లక్ష్యంగా రాశారని రుజువు చేయాల్సింది మనమే. ఆ తీర్పు మంచిదే, ప్రభుత్వాన్ని ప్రశ్నించే విలేకరికి అది కావాలి, దాన్ని తీసేయమని నేను అడగను. ప్రభుత్వానికి మాత్రం ఇంత ఇబ్బంది లేదు, ఆంధ్రాలో 2019లో 2430 నంబర్ జీవో ఇచ్చి తప్పుడు వార్తల మీద శాఖల కార్యదర్శులే కేసులు పెట్టేలా అధికారం ఇచ్చుకున్నారు. సర్వీస్ నుంచి బయటికొచ్చినవాడికి వెనక ఏ శాఖా ఉండదు, జేబులోంచి లాయర్ ఫీజు కట్టుకోవాలి.

పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఉంది. ముందు ఎడిటర్‌కి రాయాలి, దినపత్రిక అయితే వార్త వచ్చిన 2 నెలల్లోపు కౌన్సిల్‌కి ఫిర్యాదు వెళ్ళాలి. తప్పు తేలితే కౌన్సిల్ హెచ్చరించొచ్చు, మందలించొచ్చు, అభిశంసించొచ్చు, జరిమానా వేసే అధికారం లేదు. టీవీ చానెళ్ళు దాని కిందకే రావు. అయినా మామయ్య అదే పట్టుకున్నాడు, డబ్బు కోసం కాదు, ఎక్కడో ఒక చోట రికార్డులో ఉండాలి అంటాడు.

ముందు ఆర్టీఐ వేశాడు, తన మీద ఏదైనా విచారణ, ఫిర్యాదు, విజిలెన్స్ రిపోర్ట్ పెండింగ్‌లో ఉందా అని. మొన్న జవాబు వచ్చింది, అలాంటివి ఏవీ లేవని ప్రజా సమాచార అధికారి సంతకంతో. దాని జిరాక్స్, వీఆర్ఎస్ ఆర్డర్ జిరాక్స్, ఒక పేజీ వివరణ జతచేసి ఎడిటర్‌కి రిజిస్టర్ పోస్ట్‌లో పంపాడు. అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు స్టాంప్ పడి వెనక్కి వచ్చింది. పేపర్లో మాత్రం ఒక్క లైను రాలేదు. ప్రెస్ కౌన్సిల్‌కి ఫిర్యాదు ఇంగ్లీష్‌లో టైప్ చేస్తున్నాం, వచ్చే సోమవారం వెళ్తుంది, సివిల్ దావాకి లాయర్‌తో మాట్లాడుతున్నాం.

ఆ వార్త రాసిన విలేకరి గానీ, రాయించినవాళ్ళు గానీ ఇది చదివితే ఒక్క మాట. మీ దగ్గర సర్వే నంబర్ ఉంటే, రిపోర్ట్ కాపీ ఉంటే, ఫిర్యాదు చేసిన ఒక్క మనిషి పేరుంటే పంపండి, ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడే పెడతాను, మామయ్య జవాబు దాని కింద పెడతాను, చదివేవాళ్ళు చదివి తేల్చుకుంటారు. లేకపోతే ఆయన పంపిన ఒక్క పేజీ వివరణ అదే జిల్లా ఎడిషన్లో, అదే మొదటి పేజీలో వేయండి.